ప్రాసెసర్ మన ప్రోగ్రామ్ చేతిలో ఉన్నప్పుడు కెర్నెల్ ఎక్కడ ఉంటుంది?

ప్రశ్న: కావలి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను కావలిలో బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరులో మంచి మార్కులే వచ్చాయి గాని, నిర్వచనాలనూ గాంట్ చార్టు లెక్కలనూ దాటి లోపల ఏం జరుగుతున్నదో నాకు అర్థమైందని చెప్పలేను. ముఖ్యంగా ఒక సందేహం చాలా రోజులుగా వదలడం లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ కూడా ప్రోగ్రామే కాబట్టి, నడవాలంటే దానికీ ప్రాసెసర్ కావాలి. ఒకే కోర్ ఉన్న యంత్రంలో నేను రాసిన అంతులేని లూప్ నడుస్తున్నదంటే ఆ క్షణంలో కెర్నెల్ నడవడం లేదనే కదా అర్థం! నడవనిది నా లూప్‌ను ఆపి, ప్రాసెసర్‌ను మరొక ప్రోగ్రామ్‌కు ఎలా ఇవ్వగలుగుతున్నది? తరగతిలో అడిగితే "అదంతా షెడ్యూలర్ చూసుకుంటుంది" అన్నారు. ప్రాసెసర్ వంతు ఎవరిదో నిర్ణయించే కెర్నెల్ భాగమైన ఆ షెడ్యూలర్‌ను లేపేది ఎవరన్నదే నా ప్రశ్న. ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నాను. ఏం చదవాలో, ఏం చేసి చూడాలో పెద్దలు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: ఒంగోలు నుంచి ఒక అధ్యాపకుడు

మీరు అడగవలసిన ప్రశ్ననే అడిగారు. కాలువ కింద సేద్యం చూసినవారికి దీనిలో సగం తెలిసిన సంగతే. వంతుల ప్రకారం నీరు పారేటప్పుడు తూము తలుపు రైతు చేతిలో ఉండదు, కాలువ నీటిని పంచే లస్కరు చేతిలో ఉంటుంది. అలా కాక, తన మడి తడిసిన తరువాత రైతే మడవ కట్టి కిందివారికి వదలాలన్న ఏర్పాటు చేస్తే, ఎగువ రైతు మంచివాడైనంత కాలమే దిగువకు నీరందుతుంది. 1992లో వచ్చిన విండోస్ 3.1లో విండోస్ ప్రోగ్రాముల మధ్య ఉన్నది అటువంటి ఏర్పాటే. ఒక ప్రోగ్రామ్ తనంతట తాను ప్రాసెసర్‌ను వదిలితేనే మరొకదానికి వంతు వచ్చేది. ఒకటి లూప్‌లో చిక్కుకుంటే తక్కినవన్నీ నిలిచిపోయేవి. లినక్స్‌లో అలా కాదు, తలుపు ఎప్పుడూ కెర్నెల్ అధీనంలోనే ఉంటుంది.

జవాబు: బుచ్చిరెడ్డిపాలెం నుంచి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

అధ్యాపకుల వారి మాట అధికారం ఎవరిదో చెబుతున్నది గాని, విద్యార్థి పడిన చిక్కు అక్కడ విడిపోదని నా అభిప్రాయం. లస్కరు రైతుకంటే వేరైన మనిషి. రైతు మడిలో ఉన్నంతసేపూ ఆయన గట్టు మీద నిలబడి చూస్తూ ఉండగలడు. కెర్నెల్ అలా ఎక్కడా నిలబడి చూడదు. మీరు అనుకున్నట్లే, మీ లూప్ నడిచేటప్పుడు కెర్నెల్ నిజంగానే నడవడం లేదు.

మెలకువగా ఉండేది టైమర్ అనే పరికరం. యంత్రం లేచేటప్పుడు, మరే ప్రోగ్రామూ మొదలు కాకముందే, కెర్నెల్ రెండు పనులు చేసి పెట్టుకుంటుంది. ఇంటరప్ట్, అంటే నడుస్తున్న పనిని ఆపించే సంకేతం, వస్తే ఏ చిరునామాకు దూకాలో ప్రాసెసర్‌కు ఒక పట్టికలో రాసి ఇస్తుంది, తరువాత టైమర్‌ను నడిపిస్తుంది. లినక్స్‌లో అమరికను బట్టి ఈ టైమర్ సెకనుకు 100, 250 లేదా 1000 సార్లు తట్టేటట్లు పెడతారు. తట్టిన ప్రతిసారీ ప్రాసెసర్ మీ లూప్‌ను ఉన్నచోట వదిలి, ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుని, పట్టికలో ఉన్న కెర్నెల్ చిరునామాకు తానే వెళుతుంది. కెర్నెల్‌కు ప్రాణం వచ్చేది అప్పుడే. ఇంటరప్ట్‌లనే ఆపేద్దామని మీ ప్రోగ్రామ్ ప్రయత్నించినా లాభం లేదు. మామూలు ప్రోగ్రాములు నడిచే, అధికారాలు తక్కువైన యూజర్ మోడ్‌లో ఆ ఆజ్ఞను ప్రాసెసరే తిరస్కరిస్తుంది, మామూలుగా కెర్నెల్ ఆ ప్రోగ్రామ్‌ను అక్కడికక్కడే ముగిస్తుంది.

దీన్ని నమ్మడం కాదు, చూడండి. టాస్క్‌సెట్ కమాండ్‌తో రెండు అంతులేని లూప్‌లను ఒకే కోర్‌కు కట్టి నడపండి. తరువాత ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ సంఖ్య కింద ఉండే స్టేటస్ ఫైలు తెరవండి. దాని చివర్లో, ప్రోగ్రామ్ తానుగా ప్రాసెసర్‌ను వదిలిన సార్లు ఒక వరుసలోనూ, దాని ప్రమేయం లేకుండా తీసేసుకున్న సార్లు మరొక వరుసలోనూ కనిపిస్తాయి.

జవాబు: ఒంగోలు అధ్యాపకుడు

మీ సవరణ సరైనది, ఇకపై తరగతిలో లస్కరు పోలికను ఇంతవరకే అని చెప్పి వాడతాను. చదవడానికి మాత్రం కోట్ల లైన్ల లినక్స్‌తో మొదలుపెట్టవద్దని విద్యార్థికి మనవి. ఎంఐటీ వారు బోధన కోసం రాసిన ఎక్స్‌వీ6 అనే చిన్న కెర్నెల్ ఉచితంగా దొరుకుతుంది. అది 1975 నాటి యూనిక్స్ ఆరవ ఎడిషన్ నమూనాలో రాసినది, ఒక సెలవుల్లో చదవగలిగినంతే ఉంటుంది. రిస్క్-ఫైవ్ అనే రకం ప్రాసెసర్ కోసం రాసిన దాని రూపంలో, వచ్చినది టైమర్ ఇంటరప్ట్ అయితే, ప్రాసెసర్‌ను వదిలి మరొకదానికి వంతు ఇచ్చే యీల్డ్‌ను పిలవమనే రెండు లైన్ల దగ్గర ఆగి చూడండి. మీ ప్రశ్నకు జవాబు ఆ రెండు లైన్లే. అక్కడి నుంచి వెళితే ఒక ప్రాసెస్ నుంచి మరొకదానికి మారే చిన్న అసెంబ్లీ ఫైలు వస్తుంది. అది ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదులైన రిజిస్టర్లలో 14టి విలువలను దాచి, అవే 14లో కొత్త ప్రాసెస్ విలువలను నింపి తిరిగి వస్తుంది. ఇన్నేళ్లుగా బోధిస్తున్నా ఆ ఫైలు అంత చిన్నదన్న సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ప్రశ్న వేసిన విద్యార్థి

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాత్రి చేసి చూశాను. ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను ఎంత వాడుతున్నదో చూపే టాప్ కమాండ్‌లో రెండు లూప్‌లూ చెరి 50 శాతం దగ్గర నిలిచాయి. స్టేటస్ ఫైలును తెరిచిన ప్రతిసారీ బలవంతంగా తీసుకున్న లెక్క పెరుగుతూ పోయింది, తానుగా వదిలిన లెక్క కదలనే లేదు. తరువాత ఒక లూప్‌లో స్లీప్ పెట్టి మళ్లీ నడిపితే, దానిలో ఈసారి తానుగా వదిలిన లెక్క పెరగడం మొదలైంది. రెండు వరుసల తేడా ఏమిటో అప్పుడు కంటికి కనిపించింది. ఎక్స్‌వీ6ను దింపుకున్నాను. ఆ రెండు లైన్లూ దొరికాయి. ఈ ఆదివారం 14 రిజిస్టర్ల ఫైలు దగ్గర కూర్చుంటాను.