6 మి.మీ. కాకతీయ సైన్యం: ముందు బేస్ సైజా, ముందు రూల్సా?

హన్మకొండ చౌరస్తా:
ఆదివారం సగంలో ఆగిపోయిన లొల్లిని ఇక్కడ పెడుతున్న. ఆ రోజు రానోళ్ళకు ముందు సంగతి చెప్త. మాలిక్ కాఫుర్ 1309-10లో ఓరుగల్లు మీదికి వచ్చిన దండయాత్రను బల్ల మీద ఆడాలని అనుకుంటున్నం. ఒక దిక్కు ప్రతాపరుద్రుడు, ఇంకో దిక్కు ఢిల్లీ సైన్యం. బొమ్మలు 6 మి.మీ. సైజువి, అంటే మనిషి బొమ్మ బియ్యపు గింజంత. 28 మి.మీ. బొమ్మలు చూడ సక్కగుంటయి గానీ, వాటితోని సైన్యం అనిపించాలంటే జేబు కూడా ఆ సైజుదే కావాలె. ఇంతవరకు అందరం ఒప్పుకున్నదే.

తేలనిది బేస్, అంటే ఒక దళం బొమ్మలను కలిపి అతికించే చిన్న పలక. రూల్స్ ఏవో ఖాయమైనంకనే బొమ్మలు అతికియ్యాలె అని కాజీపేట తమ్ముడి వాదన. నేనేమంటున్ననంటే, ముందు బేస్ వెడల్పు 40 మి.మీ. అని రాసుకుందాం, రూల్స్ తర్వాత సూసుకుందాం. రూల్స్ నెలకొకటి మార్చినా నష్టం లేదు. ఫెవికాల్ ఎండినంక వందల బొమ్మలను కత్తితోని ఊడబీకుడు ఎవలి తరం కాదు, కాళ్ళు విరుగుతయి.

40 ఎందుకంటే, 1990లో డీబీఏ (డి బెల్లిస్ యాంటిక్విటాటిస్) అనే పాత యుద్ధాల ఆట రూల్స్ వచ్చినప్పటి సంది 15 మి.మీ. బొమ్మలకు ఆ వెడల్పే నడుస్తున్నది. తర్వాత వచ్చిన ఫీల్డ్ ఆఫ్ గ్లోరీ, ఆర్ట్ డి లా గెర్ రూల్స్ కూడా దాన్నే పట్టుకున్నయి. బేస్ వెడల్పు అదే ఉంచి మీద 6 మి.మీ. బొమ్మలు పెడితే ఏ రూల్ కూడా మారదు. రేపు హైదరాబాద్ నుంచి ఎవరైనా 15 మి.మీ. సైన్యం పట్టుకొని వచ్చినా ఎదురుగ నిలబెట్టి ఆడొచ్చు.

కాజీపేట జంక్షన్:
అన్నా, వెడల్పు సరే. లోతు సంగతేంది? డీబీఏలో ఈటెల దళానికి 15 మి.మీ. లోతు, విల్లుకాళ్ళకు 20, గుర్రాలకు 30, ఏనుగుకు 40. ఇవన్నీ రూల్స్ చెప్పిన కొలతలే. "ముందు బేస్" అని నువ్వంటున్నవు గానీ, నువ్వు ఎంచుకున్నది డీబీఏనే. పేరు చెప్పకుంట ఎంచుకున్నవు, అంతే.

ఇంకోటి. 6 మి.మీ. పదాతి బొమ్మలు ఎక్కువగా నాలుగేసి ఒక పట్టీ మీద వస్తయి, పట్టీ 20 మి.మీ. దాకా ఉంటది. నీ 40 మీద వరుసకు రెండు పట్టీలు, ఎనిమిది మంది. 15 మి.మీ. లోతులో రెండు వరుసలు ఇరికిస్తే 16 మంది. అదే 60 బై 30 బేస్ మీద వరుసకు పన్నెండు, రెండు వరుసలకు 24 మంది, ముందట కొంచెం నేల కూడా కనపడ్తది. పోలెమోస్ రూల్స్ 6 మి.మీ. కోసమే రాసినయి, వాళ్ళు 60 బై 30 పెట్టింది ఊకెనే కాదు. బొమ్మ చిన్నదాన్ని తీసుకునేదే గుంపు కనపడాలని. 40 మీదనే ఆడేదుంటే 15 మి.మీ. బొమ్మలు నాలుగేసి అతికిస్తే అయిపోయె, కండ్లు పోగొట్టుకొని బియ్యపు గింజలకు రంగులు ఎందుకు వేసుడు?

రాతికోట:
మీ ఇద్దరూ బొమ్మ కొలతతో మొదలుపెట్టారు. నేను నేల కొలతతో మొదలుపెడతాను, కాస్త ఓపిక పట్టండి.

ఖిలా వరంగల్‌లో లోపలి రాతికోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. దాని బయటి మట్టికోట దానికి రెట్టింపు, సుమారు 2.4. 6 మి.మీ. బొమ్మ అంటే దాదాపు 1:300. ఆ లెక్కన రాతికోట ఒక్కటే నాలుగు మీటర్లు వస్తుంది. ఎవరింట్లోనూ పట్టదు. కాబట్టి బొమ్మ కొలత వేరు, నేల కొలత వేరు అని ఒప్పుకోక తప్పదు. చిన్న బొమ్మలతో ఆడితే అన్నీ నిజమైన నిష్పత్తిలో ఉంటాయనుకోవడం ఉత్త భ్రమ.

ఇప్పుడు 1 సెం.మీ.కి 20 మీటర్లు అనుకోండి. రాతికోట 60 సెం.మీ.లో, అంటే రెండడుగుల బల్ల మీద సరిగ్గా కూర్చుంటుంది. 40 మి.మీ. బేస్ 80 మీటర్ల దళం అవుతుంది. అసలు విషయం ఇక్కడుంది: రాతికోటకు 45 బురుజులు. చుట్టుకొలతను 45తో భాగిస్తే బురుజుకూ బురుజుకూ మధ్య సుమారు 84 మీటర్లు వస్తుంది. అంటే ఒక బురుజు నుంచి ఇంకో బురుజు దాకా ఉన్న గోడ మీద సరిగ్గా ఒక బేస్. ప్రతాపరుద్ర చరిత్రలో 77 బురుజులకు 77 మంది నాయకులని ఉంది. ఆ సంఖ్యకూ ఇప్పుడు కనిపించే వాటికీ పొత్తు కుదరదు, అయినా బురుజుకో నాయకుడు అన్న ఊహ మన ఆటకు బ్రహ్మాండంగా సరిపోతుంది. 60 మి.మీ. బేస్ ఈ గోడ మీద ఎక్కడా ఇమడదు. నా ఓటు 40కే. అయితే చౌరస్తా చెప్పిన కారణంతో మాత్రం కాదు. హైదరాబాద్ నుంచి ఎవరో వస్తారని మనం మన బేస్ కోసుకోనక్కరలేదు.

కాజీపేట జంక్షన్:
సార్, లెక్క మస్తుంది. కానీ అదే లెక్కన మట్టికోట నాలుగడుగులు. హన్మకొండ గుట్ట ఆరేడు కిలోమీటర్ల దూరంల ఉన్నది, అంటే మూడు మీటర్ల అవతల. కాఫుర్ మనుషులు ముందుగాల ఆ గుట్టనే పట్టుకున్నరు గదా. గుట్ట వంటింట్లోకి పోతది.

రాతికోట:
గుట్టను ఆడనక్కరలేదు. కోటలో ఒక పక్క, ఒక ద్వారం చాలు.

నిర్మల్ పొణికి:
బేస్ వెడల్పు మీద కొట్లాడుకుంటున్నరు, మందం సంగతి ఒక్కలు కూడా ఎత్తుతలేరు. పెండ్లి కార్డులు, జ్ఞాపికలు కోసే లేజర్ షాపులో అడిగితే ఎక్కువగా 3 మి.మీ. ఎండీఎఫ్ చేతిలో పెడతడు. 6 మి.మీ. మనిషి కింద 3 మి.మీ. చెక్క అంటే సైనికుడు అరుగెక్కి నిలబడ్డట్టు ఉంటది. 2 కంటే మందం వద్దు. కానీ 2 మి.మీ. ఎండీఎఫ్ మీద ఒక దిక్కే నీళ్ళ ఫెవికాల్ పూస్తే ఎండేటప్పుడు వంగుతది. ముందుగాల రెండు దిక్కులా పెయింట్ వేసి, బరువు కింద ఆరబెట్టి, తర్వాతనే ఇసుక చల్లాలె. అడుగున ఫ్లెక్స్ షాపులో దొరికే మాగ్నెట్ షీట్ అతికిస్తే, రేకు డబ్బాలో పెట్టుకొని బండి మీద పోయినా కదలవు.

ఇసుక గూడ మామూలు ఇసుక పనికి రాదు, ఈ సైజులో అది బండరాళ్ళ లెక్క కనపడ్తది. క్రషర్ డస్ట్ తెచ్చి పలచటి చీరగుడ్డలో జల్లించి, కింద రాలిన పొడి ఒక్కటే వాడాలె. రంగు విషయంలో ఇంటర్నెట్‌ల చూసి ఆకుపచ్చ గడ్డి చల్లకుండ్రి. కాఫుర్ సైన్యం ఇక్కడ జనవరి నుంచి మార్చి దాకా ఉన్నది. ఆ టైముకు మన చల్క నేలలు ఎర్రగ, గడ్డి ఎండి గోధుమ రంగుల ఉంటది. వాడి పారేసిన చాయ్ పొడి ఎండబెట్టి అక్కడక్కడ చల్లితే ఎండుటాకులైతయి. పెద్ద బేస్ మీద ఒక మోదుగు చెట్టు పెట్టి, నారింజ రంగు నాలుగు చుక్కలు పెడితే మాఘం, ఫాల్గుణం అని చెప్పకుండనే తెలుస్తది. గీ పనికి 30 మి.మీ. లోతు ఉంటె మంచిది. 15 మి.మీ.లో చెట్టు కాదు గదా, కొమ్మ కూడ పట్టదు. అందుకే కాజీపేట తమ్ముడి మాటలో సగం నాకు నచ్చింది.

కరీంనగర్ గ్రానైట్:
ఇంత గొడవ ఎందుకన్నా? గళ్ళ బల్ల మీద ఆడుదాం. టు ది స్ట్రాంగెస్ట్ రూల్స్‌ల టేపు లేదు, కొలుచుడు లేదు. బల్లంతా గళ్ళు, దళం ఒక గడిలో ఉంటది. బేస్ గడిలో పడితే చాలు, 40 అయినా 60 అయినా ఎవరిష్టం వాళ్ళది. కదిలించనీకి పాచికల బదులు పేకముక్కలు, ఒకటి నుంచి పది దాకా. ఒక్కో దళానికి వరుసగా తీసే ముక్క ముందుదానికన్నా పెద్దదైతనే పని అయితది. దళం మొండికేసుడు, నాయకుడి మాట చేరకపోవుడు మంచిగ వస్తది.

ఒక్కటే ఇబ్బంది. కమ్యూనిటీ హాల్‌లో నలుగురం కూసొని పేకముక్కలు తీస్తే వాచ్‌మన్ ఏమనుకుంటడో మీకు తెలుసు. నంబర్లు రాసిన బిళ్ళలు ఒక సంచిలో వేసుకొని తీసినా అదే లెక్క.

హన్మకొండ చౌరస్తా:
గ్రానైట్ అన్నా, బాగుంది. కానీ గడి ఎంత పెద్దగ గీస్తవు? 60 బేస్ పట్టేటట్టు గీస్తే సార్ చెప్పిన బురుజు లెక్క పోతది. 40కి గీస్తే 60 బేస్ గీత దాటుతది. గళ్ళ రూల్స్ కూడా బేస్ సైజు దగ్గరికే తెస్తున్నయి, జర చూడు.

లోతు విషయంలో నిర్మల్ అన్న మాట తీసుకుంటున్న. 40 వెడల్పు, 30 లోతు, అన్ని దళాలకు ఒకటే. ఈటెల దళానికి కూడా. డీబీఏ లోతు కొలతలు 15 మి.మీ. బొమ్మ కాళ్ళ కింద పట్టేటందుకు పెట్టినయి, మన దగ్గర రెండు సైన్యాలకు ఒకే లోతు ఉంటె ఎవలికీ లాభం లేదు, ఎవలికీ నష్టం లేదు. దెబ్బ తిన్న దళం వెనక్కి తగ్గే దూరం మాత్రం డీబీఏ లెక్క బేస్ లోతుతో కాకుండ, సగం వెడల్పు అని రాసుకుందాం. మిగిలిందంతా బేస్ వెడల్పులతోనే కొలుద్దాం. అట్లయితే కాజీపేటోడు రేపు రెండు బేస్‌లు పక్కపక్కన పెట్టి 80 మి.మీ. పెద్ద దళం అని ఆడుకున్నా నేనేమనను.

కాజీపేట జంక్షన్:
రెండు బేస్‌లు పక్కన పెడితే నడుమ గీత కనపడ్తది అన్నా. అయినా అది చిన్న సంగతి, ఓర్చుకుంట. నా అసలు పంచాయితీ రూల్స్‌తోని. డీబీఏలో సైన్యానికి 12 ముక్కలు (ఒక్కో బేస్ ఒక ముక్క), నాలుగు పోతే ఓడినట్టు, గంటలోనే ఆట ఖతం. మైదానంల ఎదురెదురు నిలబడి కొట్లాడుకునేటోళ్ళ కోసం రాసింది. మనది ముట్టడి. పైగా ఏ సైన్యంల ఏ దళాలు ఉండాలెనో చెప్పే డీబీఏ జాబితాల్లో 'హిందూ ఇండియన్' అని దాదాపు వెయ్యేండ్లకు ఒకటే పేరు. అండ్ల మన కాకతీయులు ఎక్కడున్నరు? గణపతిదేవుడు మోటుపల్లిలో సముద్ర వ్యాపారులకు అభయశాసనం ఇచ్చింది 1244లో. ఆ రేవుల దిగిన సరుకులల్ల గుర్రాలు గూడ ఉన్నయి. 1310లో సంధికి ప్రతాపరుద్రుడు 100 ఏనుగులతో పాటు వేల గుర్రాలు ఇచ్చిండు. గంత గుర్రపు సైన్యం ఉన్నోళ్ళకు ఏనుగులు, విల్లుకాళ్ళు మాత్రమే ఇస్తె నేను ఆడ.

రాతికోట:
జాబితా గురించి మీరన్నది నిజం, దాన్ని మనమే రాసుకోవాలి. ముట్టడి గురించి మాత్రం ఒప్పుకోను. కాఫుర్ సైన్యం గుడారాల చుట్టూ చెట్లు నరికి కొయ్యల కంచె కట్టుకుంది. కోటలోంచి గుర్రపుదళం రాత్రిపూట ఆ గుడారాల మీద పడిందని అమీర్ ఖుస్రో రాశాడు. అతను ఢిల్లీ ఆస్థానకవి, వాళ్ళు గెలిచారనే రాస్తాడు, ఆ అలంకారాలు పక్కన పెట్టండి. ఆ రాత్రి దాడి డీబీఏకు అతికినట్టు సరిపోతుంది. అందులో గుడారాల స్థావరం ఒక ముక్కగా ఉంటుంది, అది చేజారితే నష్టం లెక్కలో పడుతుంది. పన్నెండులో ఏడెనిమిది గుర్రపు దళాలు పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? మట్టికోట మీది పోరు ఇంకో ఆదివారం, ఇంకో రూల్స్‌తో ఆడదాం. బేస్‌లు అవే.

నిర్మల్ పొణికి:
40 బై 30 అయితే ఏనుగు సంగతి చెప్పుండ్రి. 6 మి.మీ. ఏనుగులు ఒక బేస్ మీద మూడు పడతయి, సార్ లెక్కన 80 మీటర్లకు మూడు ఏనుగులు. ఒక్కటే పెడితే బోసిగ ఉంటది. షాపుకు ఫైల్ పంపేలోపు చెప్తె ఏనుగులకు వేరే కొలత పెడత.

కాజీపేట జంక్షన్:
ఏనుగులకు 40 బై 40 కోయ్ అన్నా. మూడు పెట్టి, ముందట ఇద్దరు మనుషులను పెట్టు. గుర్రాలకు మాత్రం 30 లోతు సరిపోతది, అండ్ల మార్చకు.