గుంటూరు: మోషన్‌కి వెళ్తే గాజుపెంకుతో కోసినట్టు నొప్పి, ఇవి మొలలేనా?

యార్డు_గుమస్తా
అడగాలంటే సిగ్గుగానే ఉంది, మా బావమరిదికి తప్ప ఎవరికీ చెప్పలేదు. వయసు 34. మిర్చి యార్డు దగ్గర కమిషన్ కొట్టులో లెక్కలు రాస్తా, సీజన్లో పొద్దున కూర్చుంటే రాత్రికే లేవడం, లేస్తే లెక్క తప్పుతుందని నీళ్ళు కూడా సరిగ్గా తాగను. మూడు వారాల నుంచి మోషన్‌కి కూర్చుంటే కోసేసినట్టు నొప్పి, అయిపోయాక కూడా రెండు మూడు గంటలు లోపలెవరో పిండుతున్నట్టు ఉంటుంది. గట్టిగా వచ్చిన రోజు పైన చారలా ఎర్రటి రక్తం. వెనకవైపు చిన్న కండ చేతికి తగులుతోంది. భయానికి రెండ్రోజులకోసారి వెళ్తున్నా. మందుల షాపాయన మొలలేనని ట్యూబు ఇచ్చాడు, రాస్తే కాసేపు మొద్దుబారుతుంది, అంతే. బావమరిదేమో 'ఆపరేషన్ లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో మొలలు మాయం' అని బోర్డు ఉన్న చోటికి ఆదివారం పోదామంటున్నాడు. వెళ్ళనా?

కృష్ణలంక_కుర్రోడు
అన్నా వెళ్ళొద్దు. నాకు రెండేళ్ళ క్రితం అచ్చం ఇదే, నేనూ మొలలనుకునే నాలుగు నెలలు పసర్లు తాగా. చివరికి సూర్యారావుపేటలో ఒక సర్జన్ చూసి అవి మొలలు కాదు, ఫిషర్ అన్నాడు. అంటే చీలిక. నువ్వు చేస్తున్న అసలు తప్పు ఆపుకోవడం. ఆపితే గట్టిపడుతుంది, గట్టిపడితే మళ్ళీ చీలుతుంది. నేనైతే ఆఫీసులో టాయిలెట్ వైపు చూడాలన్నా వణికేవాణ్ణి.

కత్తి_పట్టని_పీజీ
సర్జరీ పీజీ చేస్తున్నానండి. చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ మీరు చెప్పింది ఫిషర్ లాగే ఉంది. కాస్త లోపలి సంగతి తెలిస్తే మీకే అర్థమవుతుంది. మలద్వారం కాలువ పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లే. దాని మధ్యలో పళ్ళవరసలాంటి గీత ఒకటుంటుంది, డెంటేట్ లైన్ అంటాం. గీతకి పైన ఉన్నది పేగు పొర, అక్కడ సూది గుచ్చినా పెద్దగా తెలీదు. కింద ఉన్నది చర్మం లాంటిది, చిన్న గీరుకే ప్రాణం పోతుంది. లోపలి మొలలు గీతకి పైన పుడతాయి కాబట్టి రక్తం చుక్కలుగా కారినా మామూలుగా నొప్పి ఉండదు. ఆ మాటకొస్తే మొలలు అనేవి బయటనుంచి వచ్చినవి కావు, అందరికీ ఉండే మెత్తలే ఉబ్బి జారడం. కోసినట్టు నొప్పి అంటే చీలికో, చీముగడ్డో, బయటి మొలలో రక్తం గడ్డకట్టడమో అని చూస్తాం.

అక్కడ రెండు కండరాలుంటాయి, బయటిది మన మాట వింటుంది, లోపలిది వినదు. చీలిక నొప్పికి ఆ లోపలిది బిగుసుకుపోతుంది, మీకు గంటలకొద్దీ పిండినట్టుండేది అదే. బిగిస్తే రక్తం అందదు, అందకపోతే పుండు మానదు. వెనక మధ్యభాగానికి అసలే రక్తసరఫరా తక్కువ, చీలికలు ఎక్కువగా అక్కడే వస్తాయి. మీ చేతికి తగిలే కండ బహుశా చీలిక అంచున పెరిగిన తోలు, దాన్ని చూసే చాలామంది మొల అనుకుంటారు.

డిల్టియాజెమ్ లాంటి ఆయింట్‌మెంట్ ఆ కండరాన్ని వదులు చేస్తుంది, డాక్టరు రాస్తేనే వాడండి, ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, రెండ్రోజులకే తగ్గిందని మానేయకండి. దాంతోపాటు గోరువెచ్చని నీళ్ళ టబ్బులో పది పదిహేను నిమిషాలు కూర్చోవడం, పీచు, నీళ్ళు. అయినా మానకపోతే లోపలి కండరాన్ని కొంచెం కోసే చిన్న ఆపరేషన్ ఉంది, బాగా పనిచేస్తుంది, కానీ కొందరికి గ్యాస్ మీద పట్టు తగ్గే రిస్క్ ఉంది కాబట్టి ముందే ఎవరూ చేయరు.

ఇంజెక్షన్ అనేది పూర్తిగా మోసం కాదండోయ్, చిన్న మొలలకి సర్జన్లే గీతకి పైన ఇస్తారు. చీలిక ఉన్నవాడికి, చదువు లేనివాడు, గీత కింద పొడిస్తే మాత్రం పుండుపడి దారే ఇరుకైపోవచ్చు.

పెదకాకాని_అక్క
తమ్ముడూ, నీ వయసుకి క్యాన్సర్ భయం తక్కువేలే గానీ చదివే పెద్దవాళ్ళ కోసం రాస్తున్నా. మా నాన్నగారికి రక్తం పడితే మొలలే అనుకుని ఏడాది గడిపాం. రక్తం మలంలో కలిసిపోయి ముదురు రంగులో పడేది, బరువు తగ్గారు, అలవాటు మారింది, ఒకరోజు బిగించడం ఒకరోజు విరేచనాలు. కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) చేస్తే పెద్దపేగులో క్యాన్సర్. నలభై దాటినవాళ్ళు రక్తం చూస్తే మొలలని మీకు మీరే తేల్చుకోకండి.

యార్డు_గుమస్తా
అందరికీ థాంక్స్. ఆదివారం ప్రోగ్రాం రద్దు, బావమరిది అలిగాడు. నిన్న కొత్తపేటలో ఒక సర్జన్‌కి చూపించా. నొప్పి ఉందని వేలు పెట్టలేదు, విడదీసి చూసి ఫిషరే అన్నారు. ఆయింట్‌మెంట్, ఇసబ్‌గోల్ (పీచు పొట్టు) రాశారు. కారం సంగతి అడగడం మర్చిపోయా, మానేయాలా? గోంగూర పచ్చడి లేకపోతే నాకు అన్నం దిగదు.

కత్తి_పట్టని_పీజీ
కారం తిన్నంత మాత్రాన మొలలు పుట్టవు. కానీ నోట్లో కారాన్ని పసిగట్టే లాంటి నరాలే కిందా ఉన్నాయి, పుండు మానేదాకా తగ్గించండి.

యార్డు_గుమస్తా
సరేనండి. ఇసబ్‌గోల్ మజ్జిగలో కలుపుకోవచ్చా?

కృష్ణలంక_కుర్రోడు
కలుపుకో అన్నా, కానీ కలిపిన వెంటనే తాగేయ్, పైన ఇంకో గ్లాసు నీళ్ళు తాగు. ఫోనొచ్చిందని పక్కన పెట్టావా, బంకలా అయిపోద్ది, చెంచాతో తినాల్సిందే.