అమ్మ తిరుమల కొండ నడిచి ఎక్కగలదా? వీడియో చూపించి ముందే తేల్చుకున్నవాళ్లున్నారా?

గోదారిగట్టు:
అమ్మకు 68. నడిచి కొండెక్కుతానని మొక్కుకుంది. కుడి మోకాలు నొప్పి, బీపీ మాత్రలు వాడుతుంది. అడిగితే "నాకేం కాదురా" అంటుంది. నాకేమో టెన్షన్. నడకదారి వీడియోలు చూపిస్తే ఎంతవరకు ఎక్కగలదో తెలుస్తుందా?

ఓరుగల్లు ఆడపడుచు:
మా నాన్నకు చూపించాను. అలిపిరి దారిలో ఎక్కడా కట్ చేయకుండా తీసిన వీడియో టీవీలో పెట్టి పక్కనే కూర్చున్నాను. గాలిగోపురం దాకా మెట్లే మెట్లు. పావుగంట చూశాక నాన్నే అన్నారు, "మన మేడ మెట్లకే కమ్మీ పట్టుకుంటున్నా తల్లీ, ఈ మధ్య" అని. అంతకుముందు ఎన్నిసార్లు అడిగినా ఆ మాట చెప్పలేదు.

విశాఖ ఫిజియో:
వీడియోతో దారి తెలుస్తుంది, ఆయాసం తెలియదు. నిటారుగా ఉన్న మెట్లు కూడా తెరమీద చదునుగా కనిపిస్తాయి. అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2388. అంతస్తుకు 20 మెట్లనుకుంటే ఆ చిన్న దారే దాదాపు 120 అంతస్తులు! ఇంట్లో ఒకటి చేసి చూడండి. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీమీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేస్తారో లెక్కపెట్టండి. పక్కన మీరుండాలి. 65–69 ఏళ్ల ఆడవాళ్లు 11 సార్లు లేవలేకపోతే కాళ్లలో బలం తక్కువని అర్థం. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఇదీ వద్దు, ముందు డాక్టర్‌కు చూపించండి. 60 దాటినవాళ్లు, బీపీ, కీళ్ల జబ్బులున్నవాళ్లు నడిచి రావద్దని టీటీడీ కూడా 2024లో చెప్పింది.

డాలస్ కోడలు:
మేం కాశీ వెళ్లేముందు దశాశ్వమేధ ఘాట్‌ను ఫోన్‌లో 360 డిగ్రీల ఫొటోల్లో చూసి ఫర్వాలేదనుకున్నాం. వెళ్లాక తడి మెట్లు, జనం. అత్తయ్యగారు సగం దిగి కదల్లేక నిలబడిపోయారు. పొద్దున్నే తీసిన ఫొటోల్లో జనం ఉండరు కదా. రద్దీ వేళ తీసినవి వెతకండి. కూర్చునే చోటు, బాత్రూమ్ ఎంత దూరమో కూడా చూసుకోండి.

గోదారిగట్టు:
అందరికీ థ్యాంక్స్. సాయంత్రం కుర్చీ పరీక్ష చేశాం. ఎనిమిదిసార్లు లేచింది. తర్వాత వీడియో పెడితే మోకాళ్ల పర్వతం దగ్గర ఆపమంది. "ఇక్కడ మీ నాన్న నా చెయ్యి పట్టుకుని ఎక్కించారు" అని చాలాసేపు చూసింది. చివరికి తనే, అలిపిరిలో పాదాల మండపం దగ్గర దండం పెట్టుకుని బస్సులో పైకి పోదామంది. శనివారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా, మోకాలి సంగతి కూడా అడుగుతాను. ఏమన్నారో రాస్తా.