‘ఎ యూనివర్సిటీ’, ‘యాన్ అవర్’, మధ్యలో మన యకారం

ప్రశ్న: ఇంగ్లిషులో ‘ఒక’ అనడానికి హల్లు ముందు ‘ఎ’, అచ్చు ముందు ‘యాన్’ అని నేర్పారు. ‘యు’ అచ్చే కదా, మరి ‘యాన్ యూనివర్సిటీ’ అని రాస్తే తప్పేమిటి? హెచ్ హల్లు కదా, ‘యాన్ అవర్’ ఎలా ఒప్పయింది? దీనికో పద్ధతంటూ ఉందా, బట్టీ పట్టాల్సిందేనా?

జవాబు: పద్ధతుంది. స్పెల్లింగుకి చెయ్యి అడ్డం పెట్టి మాటను పైకి అనండి. యూనివర్సిటీ యకారంతో మొదలవుతోంది, కాబట్టి ‘ఎ’. అవర్‌లో హెచ్ పలకదు, ముందు వినిపించేది అచ్చు, కాబట్టి ‘యాన్’. ‘ఎ యూరోపియన్’, ‘ఎ వన్‌వే టికెట్’, ‘యాన్ ఆనెస్ట్ మ్యాన్’ అన్నీ ఇదే లెక్క. పొడి అక్షరాలకీ అంతే: ‘ఎ బి.ఏ.’, కానీ ‘యాన్ ఎం.ఏ.’. హెర్బ్ అనే మాటలో బ్రిటన్ వాళ్లు హెచ్ పలుకుతారు, అమెరికా వాళ్లు మింగేస్తారు. అందుకే బ్రిటన్‌లో ‘ఎ హెర్బ్’, అమెరికాలో ‘యాన్ ఎర్బ్’. (‘ఎ’ అని రాస్తున్నానుగానీ మాటల ధోరణిలో అది పొట్టి ‘అ’ లాగే వినిపిస్తుంది.)

గ్రామర్ పుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి. మనకు చిక్కు మొదలయ్యేది ఇక్కడే. పైకి అని చూడమన్నాను కదా, అలా అనే నోరు తెలుగు నోరు. ‘ఎవరు’ అని రాస్తాం, ‘యెవరు’ అంటాం. ‘ఒకటి’ని ‘వొకటి’ అంటాం, కొందరు అలాగే రాస్తారు కూడా. మనకు ఎ అన్నా యె అన్నా ఒకటే, ఒ అన్నా వొ అన్నా ఒకటే, అర్థం మారదు. అచ్చతెలుగు మాటల మొదట యకారం గానీ, వు, వూ, వొ, వోలు గానీ ఉండవని పాత వ్యాకరణం చెప్పిందీ అందుకే. ఇంగ్లిషులో మాత్రం ఆ తేడాకి అర్థమే మారిపోతుంది. ‘యాన్ ఎగ్’ అని సరిగ్గా రాసినవాళ్లు కూడా పలికేటప్పుడు ‘యెగ్’ అంటారు. ‘ఓన్లీ’ ‘వోన్లీ’ అవుతుంది.

ఉండాల్సిన చోట యకారాన్ని ఎగరగొట్టడం ఇంకో ముచ్చట. ఏడాదికీ చెవికీ మనవాళ్లు ఒకే ‘ఇయర్’ వాడతారు. నేనూ అంతే. ఓసారి ఫోన్లో నోటితో చెప్పి టైప్ చేయిస్తూ ‘టెన్ ఇయర్స్’ అన్నాను. అది శుభ్రంగా పది చెవులని రాసిపెట్టింది. మళ్లీ గట్టిగా అన్నాను. మళ్లీ చెవులే! ఫోన్ చెడిపోయిందనుకున్నానుగానీ, అది నేనన్నదే రాసింది.

దీనికి నాకు పనికొచ్చిన కిటుకు ఇది. ‘యముడు’ అనబోయి, మొదటి ‘య’ దగ్గరే నాలుకను ఆపండి. నాలుక నడుము అంగిలికి దగ్గరగా లేచి ఉంటుంది. దాన్ని అక్కణ్ణించి నెమ్మదిగా ‘ఇ’లోకి దించండి: ‘యియర్’. చెవికైతే ఆ లేవడం ఉండదు, నేరుగా ‘ఇ’. తూర్పుకు ‘ఈస్ట్’, పిండి పులియబెట్టేదానికి ‘యీస్ట్’. ఈ జంటను పక్కపక్కన పదిసార్లు అంటే తేడా చెవికి పడుతుంది.

ప్రశ్న: ఒకే మాటకి రెండు రూపాలు పెట్టుకోవడం ఎందుకండీ? మన ‘ఒక’ హాయిగా ఉంది కదా!

జవాబు: మనమూ ‘ఓ’ అని కుదించుకుంటున్నాం కదండీ! పాత ఇంగ్లిషులో ఒకటి అనే అర్థమున్న మాటలోంచే ‘యాన్’ వచ్చింది. హల్లు ముందు దాని నకారం రాలిపోయి ‘ఎ’ మిగిలింది. అంటే ‘ఎ’కి న చేర్చడం లేదు, ‘యాన్’లో న ఊడుతోంది. మన ద్రుతం, అదే మాట చివర వచ్చిపోయే నకారం, గుర్తుకు రావడం లేదూ? ‘వచ్చెనతడు’లో నిలిచిన నకారం ‘వచ్చె రాముడు’లో లేదు.

ఈ నకారం ఎవరిదో ఇంగ్లిషువాళ్లే మరిచిపోయిన సందర్భాలున్నాయి. ఏప్రన్ అసలు రూపం ‘నేపెరన్’ లాంటిది. ‘ఎ నేపెరన్’ అనగా అనగా న ముందున్న ‘ఎ’కి అతుక్కుని ‘యాన్ ఏప్రన్’ అయి కూర్చుంది. నిక్‌నేమ్‌ది తిరగబడ్డ కథ: అదనపు పేరు అనే అర్థంలో ‘యాన్ ఎక్‌నేమ్’, దాని న కాస్తా పేరుకు అంటుకుంది. పదాన్ని ఎక్కడ విరవాలో తెలియక తికమకపడేది మనమొక్కళ్లమే కాదన్నమాట.

ప్రశ్న: ఉమన్ ముందు?

జవాబు: ‘ఎ’. మనం ‘ఉమన్’ అంటాం గనుక ‘యాన్’ అని రాయబుద్ధేస్తుంది. అక్కడ వకారం ఉంది, అయితే పంటికి పెదవి తగిలే మన వ కాదు. ఈల వేయబోతున్నట్టు పెదవులు రెండూ బిగించి గుండ్రంగా చుట్టి, ఒక్కసారి వదలాలి. వుడ్, వుల్ కూడా అంతే. ఏడాదిని సాధించానుగానీ, ఇది నాకు ఇప్పటికీ మూడుసార్లలో ఒకసారి జారిపోతూనే ఉంది.