సమస్య: “దెబ్బ తిన్నట్టి మట్టమే దిద్దు మూల”

ఛందస్సు తేటగీతి. మట్టమంటే ఇక్కడ మూల లంబకోణంగా ఉందో లేదో చూడటానికి వడ్రంగి వాడే మూలమట్టం, రసమట్టం కాదు. గణయతులు కుదిరితే చాలదు, చెప్పిన మరమ్మతు కూడా పనిలో నిలవాలి.

పూరణ 1

మూల యిఱుకైన యప్పుడు ముందు లోని
వైపు పంచితో తట్టిన వంపు పోవు;
విచ్చుకొన్నచో వెలివైపు వేటు దగును;
దెబ్బ తిన్నట్టి మట్టమే దిద్దు మూల!

వ్యాఖ్య: బాగుందండీ. దెబ్బను పంచి (సుత్తితో కొట్టి లోహంలో గుంట పెట్టే మొనదేలిన పనిముట్టు) దెబ్బ చేసి విరోధాన్ని హాయిగా విడగొట్టారు. ‘ముందు’ మాత్రం యతికోసం వచ్చిన పదమే. పని విషయం సరిగ్గా ఉంది. పంచి మొన కింద నలిగిన లోహం పక్కలకు జరుగుతుంది. లోపలి మూల దగ్గర జరిగితే మట్టం రెండు చేతులూ విడతాయి, వెలుపలి మూల దగ్గర జరిగితే దగ్గరవుతాయి. రెండు మూలలనూ కలిపే గీత మీదే పంచి నిలపాలి. కింద చదునైన ఇనుప దిమ్మ ఉండాలి. ఒక చిన్న దెబ్బ, వెంటనే పరీక్ష. గుంట చుట్టూ లేచిన అంచును సన్న ఆకురాయితో తీసేయాలి.

ఒకటే లోటు: ఈ వైద్యం ఒకే ఉక్కురేకుతో చేసిన ఎల్ ఆకారపు మట్టానికే. పిడికి రేకు బిగించిన మట్టం మీద పంచి పెట్టకూడదు. ఆ తేడా పద్యంలో పట్టలేదు.

పూరణ 2

రివిటు వదులైన చాలును రేకు కదలు,
గీత గీతకు కోణము గెంటుచుండు;
దాని తలగొట్టి బిగియింపదగు, నదెట్లు
దెబ్బ తిన్నట్టి మట్టమే దిద్దు మూల?

వ్యాఖ్య: సమస్యను ప్రశ్నగా తిప్పిన తీరు నచ్చింది. ‘గీత గీతకు’ అన్నచోట రోగలక్షణం దొరికింది: తప్పు ప్రతిసారీ ఒకేలా ఉంటే కోణం చెడినట్టు, మారుతుంటే రివిటు (రేకును పిడికి బిగించే మేకు) వదులైనట్టు. అయితే కోణం సరిచేసి క్లాంపుతో పట్టించకుండా తల గొడితే తప్పు కోణమే బిగుసుకుంటుంది. రివిటు అడుగు తలను ఇనుము మీద ఆనించి, గుండు సుత్తితో పై తల చుట్టూ తేలిగ్గా కొట్టాలి. గట్టిగా కొడితే చెక్క పిడి చీలుతుంది.

మరో సభ్యుడు: బిగించాక కొద్ది తేడా మిగిలితే రేకునే ఆకురాయితో దించవచ్చు. కోణం ఇరుకైతే లోపలి అంచున కొన దగ్గర, వెలుపలి అంచున పిడి దగ్గర రుద్దాలి. వెడల్పైతే దీనికి తలకిందులు.

పూరణ 3

పలక యంచున గీసిన గీతమీద
మరల తిరగేసి గీచిన మాట తెలియు;
కలిసెనా గీత లొకటిగ గలదు నిజము;
దెబ్బ తిన్నట్టి మట్టమే దిద్దు మూల!

వ్యాఖ్య: మొదటి పాదంలో యతిభంగం, ‘ప’కు ‘గీ’ చెల్లదు. ‘పలక యంచున గీసిన పంక్తి మీద’ అంటే సరిపోతుంది. భావం మాత్రం మూడింటిలో ఇదే మేలు. కిందపడిన మట్టాన్ని పారేయక్కర్లేదు, ముందు పరీక్షించమంటోంది.

పలక అంచు చిత్రిక పట్టి తిన్నగా ఉండాలి. ఉబ్బు ఉంటే పిడి ఊగి, మంచి మట్టం కూడా తప్పుగా తేలుతుంది. రెండు గీతలూ అంచు మీద ఒకే బిందువు నుంచి మొదలవ్వాలి. కొన దగ్గర కనిపించే ఎడం అసలు తప్పుకు రెట్టింపు: 300 మిల్లీమీటర్ల దూరాన 1 మిల్లీమీటరు ఎడముంటే మట్టం తప్పు 0.5 మాత్రమే. గీత, దాన్ని గీసినప్పుడు పిడి ఉన్న వైపుకు వాలితే కోణం ఇరుకు, అవతలికి వాలితే వెడల్పు. పూరణ 1లో పంచి ఎక్కడ పెట్టాలో దీన్నిబట్టే తేలుతుంది.

మరో సభ్యుడు: పెన్సిలు వద్దు, ఆ గీత మందంలోనే తప్పు దాక్కుంటుంది. ఒకవైపే వాలు పట్టిన గీత కత్తి వాడండి. చదునైన వీపు రేకుకు ఆనాలి. సాన పట్టేటప్పుడు వాలు వైపే రుద్ది, వీపును రాయి మీద పూర్తిగా పరచి అంచున లేచిన లోహపు పొర మాత్రం తీయాలి. వీపు గుండ్రబడితే కత్తి రేకును విడిచి పక్కకు పోతుంది, మట్టం సరిగ్గా ఉన్నా రెండు గీతలు కలవవు.