యుద్ధకాలంలో విమానం నడపడం గురించి తాతగారిని ఎలా అడగాలి?

ప్రశ్న (దేవరకొండ):
మా తాతగారు 1971 భారత్-పాక్ యుద్ధంలో హంటర్ యుద్ధవిమానం నడిపి, తరువాత హకీంపేట వాయుసేన కేంద్రంలో శిక్షకుడిగా పనిచేశారు. ఆయన జ్ఞాపకాలను రాసిపెడుతున్నాను. కిరణ్ అనే శిక్షణ విమానంలో శిష్యుడిని పక్క సీటులో కూర్చోబెట్టుకుని సాగర్ జలాశయం వరకు వెళ్లివచ్చిన సంగతులు, భువనగిరి ఏకశిల గుట్ట కనబడగానే ఇంధనం ముల్లు ఎక్కడుందో శిష్యుడి చేత పైకి చెప్పించిన సంగతి గంటల తరబడి చెబుతారు. యుద్ధం ఊసెత్తితే మాత్రం "పోయినం, వచ్చినం" అని ఊరుకుంటారు. ఆయన మనసు నొప్పించకుండా ఎలా అడగాలి?

జవాబు (మహబూబ్‌నగర్, వాయుసేన విశ్రాంత ఎయిర్‌మన్):
యుద్ధం ఎలా ఉండేదని అడగకండి, ఆయన లాగ్‌బుక్ తెచ్చి ముందు పెట్టండి. ప్రతి సార్టీ (ఒక విమానం ఒకసారి వెళ్లిరావడం) తేదీ, విమానం రకం, నంబరు, ఎగిరిన సమయం అందులో ఉంటాయి. నేలను ఆనుకున్నట్టుగా 420 నాట్ల వేగంతో పోతుంటే నిమిషానికి దాదాపు 13 కిలోమీటర్లు గడిచిపోతాయి; నల్లగొండ నుండి సాగర్ చేరడానికి ఐదు నిమిషాలు పట్టదు. మ్యాపు, గడియారం, తోటి విమానం, ఇంధనం అన్నీ ఒక్కడే చూసుకోవలసిన ఆ కొద్దిసేపటిలో కథగా చెప్పుకోవడానికి మిగిలేది తక్కువ. ఎక్కే ముందు ఫారం 700 (విమానం స్థితిని నమోదు చేసే పత్రం) మీద సంతకం పెట్టడం, దిగినప్పుడు నిచ్చెన పట్టుకున్నదెవరు వంటివి అడిగి చూడండి. వెళ్లిన విమానాలను, తిరిగి వచ్చినవాటిని మేము నేల మీద నిలబడి లెక్కపెట్టుకునేవాళ్లం.

జవాబు (నల్లగొండ, చరిత్ర అధ్యాపకుడు):
హంటర్లకు రాత్రిపూట దాడి చేసే సాధనాలు లేవు. పాక్ ట్యాంకులు దాడి చేసిన రాజస్థాన్ సరిహద్దు స్థావరం లోంగేవాలాకు సైతం 1971 డిసెంబరు 5న తెల్లవారిన తరువాతనే జైసల్మేరు నుండి వెళ్లగలిగాయి. కనుక తెల్లవారుజాము కోసం ఎదురుచూసిన గంటల గురించి అడగండి. ఆయన మాట పుస్తకాలతో సరిపోలకపోయినా దిద్దకండి. నవంబరు 22న తూర్పు సరిహద్దులోని బోయ్రా వద్ద మూడు పాకిస్తాన్ సేబర్ యుద్ధవిమానాలను కూల్చామని మనవారు చెబితే, పాకిస్తాన్ రెండింటినే ఒప్పుకున్నది.

ప్రశ్న అడిగినవారు:
నిన్న లాగ్‌బుక్ తీశాము. డిసెంబరు నెలలోని ఒక వరుస మీద వేలు ఉంచి తాతగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఉదయం ఇంధనం అడుగంటిన విమానంతో దిగానని, వెంట వెళ్లిన మిత్రుడు తిరిగి రాలేదని తరువాత చెప్పారు. భువనగిరి గుట్ట సంగతిని ఆ పేజీ పక్కనే రాస్తున్నాను.