గ్లాకోమాకి సిగ్మా-1 మందులు ఇప్పుడే అడగొచ్చా?

పెరంబూరు రమణ:
మా నాన్నగారికి రెండు కళ్ళలోనూ గ్లాకోమా, అంటే కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు. చుక్కలు వేస్తుంటే కంటిలోపలి ప్రెషర్ 14 దాటడం లేదు. అయినా చూపు పరిధి కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేసిన ప్రతిసారీ చూపు ఇంకొంచెం తగ్గిందనే వస్తోంది. "ప్రెషర్ ఇంకా దింపుదాం" అంటున్నారు డాక్టరుగారు. ఈమధ్య సిగ్మా-1 రిసెప్టర్ (కణాల్లో మందులు అతుక్కుని పనిచేసే ఒక ప్రొటీన్) గురించి చదివాను. కంటి వెనక తెర, అంటే రెటీనాలోని నరాల కణాలు చావకుండా అది కాపాడుతుందట. పుట్టుకతో రెటీనా చెడిపోయే ఎలుకలకి ఈ రిసెప్టర్‌కి అతుక్కునే పెంటజోసిన్ ఇస్తే రంగులు చూపించే కోన్ కణాలు నిలిచాయని 2016లో అమెరికా పరిశోధకులు చూపించారు. పెంటజోసిన్ పాత నొప్పి మందే. మానసిక సమస్యలకి వాడే ఫ్లూవోక్సమైన్ కూడా ఈ రిసెప్టర్‌కే అతుక్కుంటుంది. రెండూ మన దగ్గర దొరికేవే. పోయిన చూపు తిరిగి రాదు కదా, ఇంకా ఎదురుచూడటం ఎందుకు?

అంబత్తూరు సుధ:
నాదీ అదే మాట. చెన్నై గ్లాకోమా స్టడీలో ఓపెన్ యాంగిల్ (కంట్లో నీరు బయటికి పోయే కోణం తెరిచే ఉండే) రకం ఉన్నవాళ్ళలో సగానికి పైగా ప్రెషర్ మామూలుగానే ఉంది. మరి ప్రెషర్ ఒక్కటే పట్టుకుని కూర్చుంటే ఎలా? ఆస్పిరిన్ కూడా నొప్పి మాత్రే, ఇప్పుడు గుండెకి ఇస్తున్నారు.

వేలచ్చేరి ఫార్మకాలజీ మేష్టారు:
అడగండి, తప్పులేదు. కొని వాడటం మాత్రం వద్దు.

సిగ్మా-1ని 1976లో గుర్తించినప్పుడు నల్లమందు పనిచేసే రిసెప్టర్లలో ఇదీ ఒకటనుకున్నారు. తర్వాత కాదని తేలింది. ఇది ముఖ్యంగా కణం లోపలే, ప్రొటీన్లు తయారయ్యే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాని ఆనుకునే చోట ఉంటుంది. మైటోకాండ్రియాకి కాల్షియం సరిగ్గా అందేలా చూస్తుంది. మడత సరిగా పడని ప్రొటీన్లు పేరుకుపోయి కణం సతమతమవుతున్నప్పుడు ఆదుకుంటుంది. గ్లాకోమాలో చచ్చిపోయే నరాల కణాలు, అంటే రెటీనాలోని గాంగ్లియన్ కణాలు, కంటికి దాదాపు పది లక్షలు. ఒక్కొక్కటీ మెదడు దాకా పొడుగాటి పోగు సాచి ఉంటుంది, దానికి శక్తి బాగా ఖర్చవుతుంది. సిగ్మా-1 జన్యువు తీసేసిన ఎలుకల్లో రెటీనా మొదట బాగానే ఉంది, ఏడాది వయసొచ్చేసరికి ఈ గాంగ్లియన్ కణాలు తగ్గాయి. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఒప్పించింది ఈ ప్రయోగమే. రిసెప్టర్ కాపాడుతుందన్న మాట నేను నమ్ముతున్నాను.

మందు సంగతి వేరు. రమణగారూ, ఆ ఎలుకల జబ్బు గ్లాకోమా కాదు. పైగా పెంటజోసిన్ అణువు అద్దంలో ప్రతిబింబాల్లా కుడి, ఎడమ రెండు రూపాల్లో ఉంటుంది. ఆ ఎలుకలకి ఇచ్చింది పెంటజోసిన్‌లోని కుడి రూపం ఒక్కటే. ఆసుపత్రుల్లో వాడే ఇంజెక్షన్‌లో కుడి, ఎడమ రెండూ కలిసి ఉంటాయి. ఎడమది నొప్పి తగ్గిస్తుంది, వ్యసనంగానూ మారుతుంది. ఇక ఫ్లూవోక్సమైన్ లాంటి మందులు కంటిపాపని కాస్త పెద్దది చేయొచ్చు. కంటి కోణం ఇరుకుగా ఉన్నవాళ్ళకి దానివల్ల ప్రెషర్ ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉంది. మీ నాన్నగారి కోణం ఎలా ఉందో అడిగారా?

మతిమరుపు జబ్బుకి వాడే మెమాంటిన్ సంగతీ చూడండి. అదీ ఒక రిసెప్టర్ మీద పనిచేసే మందే, కోతుల్లో బాగా ఆశపెట్టింది. గ్లాకోమా ఉన్న రెండువేల మందికి పైగా మనుషుల మీద నాలుగేళ్ళు రెండు ట్రయల్స్ చేశారు. జబ్బు ముదరడాన్ని ఆపడంలో డమ్మీ మాత్ర కన్నా మెరుగని తేలలేదని 2018లో ప్రచురించారు.

మాంబలం కళ్యాణి, నర్సు:
రిసెప్టర్ల గురించి నాకంత తెలియదు. రమణగారూ, నాన్నగారు చుక్కలు ఎలా వేసుకుంటున్నారో ఒకసారి పక్కన నిలబడి చూడండి. చెయ్యి వణికి సగం మందికి చుక్క చెంప మీదకి జారిపోతుంది. కింది రెప్ప లాగి, సీసా మొన తగలకుండా ఒక్క చుక్క వెయ్యాలి. కళ్ళు మూసుకుని ముక్కు పక్కన మూలని రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. రెండో సీసా ఉంటే ఐదు నిమిషాలు ఆగాకే. బీపీ మాత్ర పడుకునే ముందు వేసుకుంటున్నట్టయితే ఆ మాట కంటి డాక్టరుకి తప్పక చెప్పండి. రాత్రి బీపీ మరీ పడిపోతే కంటి నరానికి రక్తం సరిగా అందకపోవచ్చు.

పెరంబూరు రమణ:
మాత్ర రాత్రే వేసుకుంటారు. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. మేష్టారూ, అయితే ప్రెషర్ దింపడం తప్ప మాకు దారే లేదంటారా?

వేలచ్చేరి ఫార్మకాలజీ మేష్టారు:
ఉండొచ్చు. బ్రిమోనిడిన్ చుక్కలు ఆల్ఫా-2 రిసెప్టర్ మీద పనిచేస్తాయి. ప్రెషర్ మామూలుగా ఉండే గ్లాకోమాలో దాన్ని మరో గ్లాకోమా చుక్కల మందు టిమోలాల్‌తో పోల్చిన ట్రయల్ 2011లో వచ్చింది. రెండు మందులూ ప్రెషర్‌ని ఒకేలా దింపాయి. చూపు పరిధి తగ్గింది మాత్రం బ్రిమోనిడిన్ వాడినవాళ్ళలో 9 శాతం మందికి, టిమోలాల్ వాడినవాళ్ళలో 39 శాతం మందికి. బ్రిమోనిడిన్ నరాన్ని కాపాడిందా, టిమోలాల్ రాత్రి బీపీ తగ్గించి చెడు చేసిందా అన్న వాదన ఇంకా ఉంది. పైగా అలర్జీ వల్ల బ్రిమోనిడిన్ వాళ్ళు ఎక్కువమంది మధ్యలోనే మానేశారు. అయినా మీ నాన్నగారికి ఇప్పుడు ఏ చుక్కలు వేస్తున్నారో చూసి, దీని గురించి డాక్టరుని అడగండి. ఇది గ్లాకోమాకి అనుమతి ఉన్న మందు.

అంబత్తూరు సుధ:
బ్రిమోనిడిన్ సలహా బాగుంది. కానీ మెమాంటిన్ ఓడిపోయిందని సిగ్మా-1ని పక్కన పెట్టేస్తే నేను ఒప్పుకోను. రెండూ వేరువేరు రిసెప్టర్లు. మనుషుల మీద పరీక్షించకుండా ఏదీ తేలదు, ఆ పరీక్షలు మన ఊళ్ళోనూ జరగాలి. రమణగారూ, మన దేశంలో నడిచే ట్రయల్స్ అన్నీ సీటీఆర్ఐ (ట్రయల్స్ నమోదుచేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) సైట్‌లో నమోదవుతాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. గ్లాకోమా అని వెతుకుతూ ఉండండి, నేనూ వెతుకుతాను.